రెండో గేరులోనే అయిపోయే ఆనందం

శ్రోతలందరికీ నమస్కారం. అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఈ రెండు మాటలు అనడానికి నాకు మూడు నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది. 2020లో వచ్చిన పోర్షె 911 టర్బో ఎస్ అనే జర్మన్ కారుకు అంత సమయం కూడా అక్కర్లేదు. నిలబడ్డ చోటు నుంచి కదిలి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి 2.7 సెకన్లు చాలునని కంపెనీ లెక్క. నేను ‘కులాసాగా’ అనే మాట పూర్తి చేసేలోపే దాని పని అయిపోతుంది. అప్పటికి అది దాటిన దూరం సుమారు 40 మీటర్లు, ఓ పెద్ద కల్యాణ మండపం పొడవంత. మరి అలాంటి బండి కొనుక్కున్న మనిషి నాలుగో సెకను నుంచి ఏం చేస్తాడు? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ నాలుగో సెకను గురించి.

నేను వేగానికి విరోధిని కాను. కారు నడపడం నాకు చిన్ననాటి నుంచీ ప్రాణం. ఇంజను చప్పుడు విని ఏ బండి వస్తోందో చెప్పగలిగినవాళ్లలో నేనూ ఒకణ్ని. అందుకే ఈ సంగతి నన్ను బాధపెడుతోంది. కార్లు ఇంత వేగంగా పరిగెడుతున్న రోజుల్లో, వాటిని రోజూ నడిపేవాళ్లకు ఆ నడపడంలోని సంతోషం ఎందుకు తగ్గిపోతోంది?

కాస్త వెనక్కి వెళ్దాం. 1976లో ఫోక్స్‌వాగన్ కంపెనీ గోల్ఫ్ జీటీఐ తెచ్చింది. 110 హార్స్‌పవర్, బరువు 800 కిలోలకు కాస్త పైన. వంద అందుకోవడానికి తొమ్మిది సెకన్ల దాకా పట్టేది. ఆ బండి కోసం యూరప్ కుర్రకారు పడిచచ్చారు. వేగంగా పోయే చిన్న కారుకు ఈనాటికీ దాన్నే కొలతగా చెబుతారు. ఇప్పుడు మన మహీంద్రా కంపెనీ 2024లో తెచ్చిన బీఈ 6 అనే ఎలక్ట్రిక్ కారు చూడండి. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని సినిమాకు వెళ్లే ఇంటి కారు అది. అందులో పెద్ద బ్యాటరీ ఉన్న రకం 6.7 సెకన్లలో వంద అందుకుంటుంది. అంటే అప్పట్లో కుర్రాళ్లు కలలుగన్న పికప్‌ని మించినది ఇప్పుడు కూరగాయల మార్కెట్టుకు వెళుతోంది.

ఇక పైమెట్టు మీద ఉన్న బండ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 1975 నాటి మొదటి 911 టర్బోకు 260 హార్స్‌పవర్. ఇందాక చెప్పిన టర్బో ఎస్‌కు 650. బీఎండబ్ల్యూ ఎం5 మొదట వచ్చినప్పుడు 286 ఉండేది, 2024లో వచ్చినదానికి 727. దాని బరువు 2,400 కిలోలు దాటింది. క్రొయేషియాలో తయారయ్యే రిమాక్ నెవేరా అనే ఎలక్ట్రిక్ కారుకైతే ఏకంగా 1,914. ఇన్నేళ్లలో కారు బలం రెండింతలు, మూడింతలు పెరిగింది. ఊళ్లో రోడ్డు వెడల్పు పెరగలేదు. మనిషి కంటికి అందే దూరం పెరగలేదు. బడి వదిలాక రోడ్డు దాటే పిల్లవాడి అడుగు అంతే ఉంది.

మా బావమరిది హైదరాబాదులో ఉంటాడు. మంచి ఉద్యోగం, కార్లంటే నాలాగే పిచ్చి. రెండేళ్ల కిందట నాలుగు వందల పైచిలుకు హార్స్‌పవర్ ఉన్న బండి కొన్నాడు. పేరు ఇక్కడ అనవసరం. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మర్నాడు తెల్లవారుజామునే నన్ను నిద్రలేపి ఔటర్ రింగు రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. నార్సింగి దగ్గర ఎక్కాం. ఇంకా మసకగానే ఉంది, రోడ్డంతా ఖాళీ. “పట్టుకోండి బావా” అని కాలు పెట్టాడు.

నా వీపు సీటుకు అతుక్కుపోయింది. జాతరలో జెయింట్ వీల్ పైనుంచి కిందికి జారేటప్పుడు కడుపులో ఏదో ఖాళీ అవుతుంది చూడండి, అలా అయింది. ఎంతో బాగుంది. కానీ లోపల్లోపల నేను ఐదు లెక్కపెట్టుకునేసరికి బీప్ మొదలైంది. 2019 జులై నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కారులోనూ ఆ హెచ్చరిక తప్పనిసరి. 80 దాటితే ఉండుండి మోగుతుంది, 120 దాటితే ఇక ఆపకుండా మోగుతుంది. ఔటర్ మీద కార్లకు అనుమతించిన గరిష్ఠ వేగమూ 120యే. వాడు కాలు తీసేశాడు. ఆ తర్వాత ఓ నలభై కిలోమీటర్లు తిరిగాం. గేర్లు వాటంతటవే మారుతున్నాయి. స్టీరింగు మీద వాడి చేతులు ఊరికే ఆనించి ఉన్నాయి. ఇంజను నిద్రపోతున్నట్టే ఉంది. శంషాబాద్ దాటాక వాడే అన్నాడు:

“ఇంతే బావా. ఇంకా చాలా ఉంది దీన్లో. వాడే చోటే లేదు.”

ఆ మాట అన్నప్పుడు వాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఎన్నో నెలల జీతం కూడబెట్టి కొన్నదాన్ని వారానికి ఐదు సెకన్లు అనుభవిస్తున్నాడు. మిగతా సమయమంతా దాన్ని పట్టి ఆపుతున్నాడు.

ఇప్పుడు ఇంకో రోడ్డు మీదికి తీసుకెళ్తాను.

నాకు డ్రైవింగ్ నేర్పింది మా మేనమామ. విజయనగరం జిల్లా ఎస్.కోటలో టాక్సీ తోలేవాడు. నేర్పింది మారుతి 800 మీద. 796 సీసీ, మూడు సిలిండర్లు, 40 హార్స్‌పవర్‌కు లోపే. పన్నెండంగుళాల చక్రాలు. పవర్ స్టీరింగు లేదు. నేలమీద బండి తిప్పడం వచ్చాక ఒకరోజు అనంతగిరి ఘాట్‌కు తీసుకెళ్లాడు. ఆ దారి తెలిసినవాళ్లు ఇప్పుడు కళ్లు మూసుకుంటే చాలు, వాళ్ల చేతులు వాటంతటవే తిరుగుతాయి.

మూడో గేరులో నలభైలో వెళుతున్నాం. ఎదురుగా మలుపు, మలుపుతోపాటే ఎత్తు. ముందు ఇంజను గొంతు బరువెక్కుతుంది. తర్వాత పెడల్ మీద ఉన్న అరికాలికి సన్నటి వణుకు తెలుస్తుంది. గేరు కర్ర కూడా కొద్దిగా అదురుతుంది. రెండో గేరు మలుపులోకి దిగకముందే పడాలి. ఆలస్యమైతే మలుపు మధ్యలో బండి దమ్ము చాలక గునుస్తుంది. ముందే వేసేస్తే ఇంజను అరుస్తుంది, బండి ముందుకు తూలుతుంది. ఆ రెంటి మధ్యా ఒక్క చిన్న సందు ఉంటుంది. క్లచ్ తొక్కి, గేరు వెనక్కి లాగి, యాక్సిలరేటర్ ఓ రవ్వ ఇచ్చి, క్లచ్ వదిలితే బండి కుదుపు లేకుండా అందుకుంటుంది. ఆ తర్వాత స్టీరింగు. తిప్పేకొద్దీ చేతిలో బరువు పెరుగుతుంది. బండి బయటి పక్కకు ఒరుగుతుంది, భుజం తలుపుకు ఆనుతుంది. ముందు టైరు కీచుమంటుంది. గట్టిగా కాదు, గుసగుసలాగా. ‘ఇంతవరకూ వచ్చావు, ఇక చాలు’ అన్నట్టు. మలుపు విప్పుకోగానే స్టీరింగు తానుగా వెనక్కి జారుతుంది. కిటికీలోంచి కాఫీ తోటల తడి వాసన వస్తుంది. అప్పుడు స్పీడోమీటరు చూస్తే ముప్పై ఐదు.

మా మావయ్య పక్క సీట్లోంచి అనేవాడు: “ఒరే, ఇంజను సెప్తాది, నువ్వినాల. నీ పెత్తనం సెయ్యకు.” దిగేటప్పుడు ఇంకో మాట: “ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల.” ఈ రెండు మాటలు మించి నాకు ఏ డ్రైవింగ్ స్కూలూ నేర్పలేదు.

నేను చెప్పదలచుకున్న మాట ఆ ముప్పై ఐదు కిలోమీటర్ల దగ్గరే ఉంది. కారు నడపడంలో ఆనందం బండి మనతో మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు పుడుతుంది. తన శక్తి ఎక్కడ అయిపోతోందో, టైరు పట్టు ఎక్కడ సడలుతోందో బండి చెబుతుంటే, విని మనం సర్దుకుంటుంటే, ఆ సంభాషణే డ్రైవింగ్. పాత చిన్న బండి ముప్పైలోనే నోరు విప్పుతుంది. ఇప్పటి ఖరీదైన బండి నూట యాభైలోగానీ మాట్లాడదు. మనం వంద లోపల తిరిగే మనుషులం. కాబట్టి అది మనతో జీవితాంతం మౌనంగానే ఉండిపోతుంది.

ఇది మనసుకు తోచిన మాట మాత్రమే అనుకోకండి, లెక్క కూడా ఉంది. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న ఒక వంపు తీసుకోండి. సాధారణమైన పాత టైరు బండి బరువులో పదింట ఏడు వంతుల పట్టు ఇస్తుందనుకుంటే, ఆ బండి ఆ వంపులో 67 దగ్గర జారుతుంది. ఇప్పటి వెడల్పాటి టైరు బరువుకు సమానమైన పట్టు ఇస్తుంది. ఆ బండి 80 దాకా కదలకుండా నిలబడుతుంది. ఆ వేగం వచ్చేవరకూ ఒరగదు, కీచుమనదు. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న: ఆ వంపు అవతల ఎంత దూరం కనబడుతోంది? మన ఘాట్లలో ఒక పక్క కొండ గోడ. ముప్పై, నలభై మీటర్లు కనబడితే గొప్ప. అరవైలో ఉన్న బండి ఆగాలంటే, చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లే ఒక సెకను కలుపుకుని, పొడి రోడ్డు మీద సుమారు 35 మీటర్లు కావాలి. ఎనభైలో ఉన్న బండికి 50 పైమాటే. మలుపు అవతల ఆవు పడుకుని ఉండొచ్చు. రోడ్డు పక్కన చీపుళ్లమ్మే గిరిజన తల్లి ఉండొచ్చు. కొత్త బండి మాట్లాడటం మొదలుపెట్టే వేగంలో డ్రైవరుకు రోడ్డు కనబడటం మానేస్తుంది. రోడ్డు కనబడే వేగంలో బండి మాట్లాడదు. చిక్కంతా ఇక్కడే.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో పదింట ఏడు మరణాలను అతివేగం పద్దు కిందే రాశారు. ఈ అంకె ముందు పెట్టుకుని ఎవరైనా ‘వాడే చోటు లేకపోతే చోటు వెతుక్కుంటాను’ అంటే నేను ఒప్పుకోను. వెతుక్కునే చోటు రేసు ట్రాకు ఒక్కటే. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, కోయంబత్తూరులో ఉంది. అక్కడ ఎంతైనా తోలుకోవచ్చు. రోజూ తిరిగే రోడ్డు వేరు.

తిరుమల ఘాట్ రోడ్డు మీద ఒక మంచి పద్ధతి ఉంది, మీలో చాలామందికి తెలుసు. బయల్దేరిన సమయం నమోదు చేస్తారు. కొండెక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస సమయంగా పెట్టారు. అంతకంటే ముందే చేరితే తప్పు చేసినట్టే లెక్క. నా దృష్టిలో కార్లను పోల్చడానికి అంతకంటే మంచి పరీక్ష లేదు. అరవై హార్స్‌పవర్ బండీ ఆరు వందల హార్స్‌పవర్ బండీ ఒకే సమయానికి పైకి చేరాలి. అప్పుడు తేడా ఒక్కటే మిగులుతుంది: ఆ 28 నిమిషాలూ ఎవరి చేతులకు, ఎవరి చెవులకు పని దొరికింది?

ఈ సంగతి కార్లు తయారుచేసేవాళ్లకు తెలియదా అంటే, బాగా తెలుసు. 1989లో షికాగో ప్రదర్శనలో జపాన్ కంపెనీ మాజ్డా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న కారును చూపించింది. 1.6 లీటర్ల ఇంజను, 120కి లోపే హార్స్‌పవర్, టన్నుకు తక్కువ బరువు. దాన్ని రూపొందించినవాళ్లు ఒక జపాన్ మాటను ఆదర్శంగా పెట్టుకున్నారు: జింబా ఇత్తాయి. గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం అని అర్థం. మన పల్లెల్లో ఎడ్ల బండి తోలినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. పగ్గం ఎంత బిగిస్తే ఏ ఎద్దు ఎటు చూస్తుందో వాళ్ల చేతికి తెలుసు. ఆ చిన్న కారు 2016 నాటికి పది లక్షలు తయారైంది. ప్రపంచంలో ఏ రెండు సీట్ల స్పోర్ట్స్ కారూ అన్ని అమ్ముడుపోలేదు.

2012లో టయోటా జీటీ86 వచ్చింది. దాని ప్రధాన ఇంజనీరు టెట్సుయా టాడా. 200 హార్స్‌పవర్ ఉన్న ఆ స్పోర్ట్స్ కారుకు ఆ కంపెనీ తన పెట్రోలు పొదుపు కారు ప్రియస్‌కు వాడే రకం సన్నటి టైర్లే వేసింది. కావాలనే వేసింది. పట్టు తక్కువ ఉంటే బండి తక్కువ వేగంలోనే మాట్లాడుతుందని వాళ్లకు తెలుసు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కాగితం మీద అంకెలు తగ్గుతాయని తెలిసీ డ్రైవరు పక్షాన నిలబడ్డారు.

ఇంగ్లండులో కేటర్‌హమ్ అనే చిన్న కంపెనీ ఉంది. వాళ్ల సెవెన్ 170 కారులో ఉన్నది సుజుకీ వారి 660 సీసీ మూడు సిలిండర్ల ఇంజను. మన 800 ఇంజనుకు పినతల్లి బిడ్డ అనుకోవచ్చు. బండి బరువు 440 కిలోలు, పవర్ 84. పైకప్పు కూడా సరిగా ఉండదు. నడిపినవాళ్లు మాత్రం దాని గురించి మాట్లాడుతూ నవ్వకుండా ఉండలేరు.

పోర్షె సంగతీ చెప్పాలి. 2013లో వాళ్ల 911 జీటీ3ని ఆటోమేటిక్ గేరుబాక్సుతో మాత్రమే ఇచ్చారు. అది చేతి గేరుకంటే వేగంగా గేర్లు మారుస్తుంది. అయినా కొనేవాళ్లు గోలపెట్టారు. 2016లో 911 ఆర్ పేరుతో చేతి గేరు ఉన్న బండ్లు 991 మాత్రమే చేస్తే, చేతులు మారేకొద్దీ వాటి ధర ఎక్కడికో వెళ్లిపోయింది. మరుసటి ఏడాదికి జీటీ3లో చేతి గేరు తిరిగొచ్చింది. నిదానంగా మారే గేరు కోసం జనం ఎక్కువ డబ్బు పెట్టారు. ఎందుకు? చేతికి పని కావాలి గనక.

అన్నిటికంటే నన్ను కదిలించింది హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్. ఎలక్ట్రిక్ కారు, 650 హార్స్‌పవర్, 3.4 సెకన్లలో వంద. ఎలక్ట్రిక్ మోటారుకు గేర్లు మార్చే అవసరం లేదు. కానీ ఇందులో గేర్లు ఉన్నట్టు అనిపించే ఏర్పాటు పెట్టారు. మీట నొక్కితే గేరు మారినట్టు చిన్న కుదుపు వస్తుంది, స్పీకర్లలోంచి ఇంజను చప్పుడు వస్తుంది. దీన్ని కొందరు ఆటబొమ్మ అని కొట్టిపారేస్తారు. నాకలా అనిపించలేదు. పోయిన సంభాషణను ఎలాగైనా తిరిగి తేవాలని ఇంజనీర్లు పడిన తపన అందులో కనిపించింది.

ఇక్కడ మీలో కొందరు అడగవచ్చు. బలమైన బండి ఉంటే లారీని తొందరగా దాటేయొచ్చు కదా, బ్రేకులు బాగుంటాయి కదా, ప్రాణానికి రక్ష కదా అని. బ్రేకుల మాట నూటికి నూరుపాళ్లూ నిజం. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు, జారకుండా ఆపే ఈఎస్‌సీ ఇవన్నీ ఎంతోమందిని బతికించాయి. అవి లేని మా మావయ్య 800లో ఇవాళ నా పిల్లల్ని కూర్చోబెట్టుకుని నేను ఘాట్ ఎక్కను. లారీని దాటడానికి కూడా కాస్త సత్తా కావాలి, ఒప్పుకుంటాను. కానీ టన్ను బరువున్న బండికి ఆ సత్తా నూట ఇరవై హార్స్‌పవర్‌లో దొరుకుతుంది. రెండున్నర టన్నుల బండి చేసి, దాన్ని కదిలించడానికి ఏడు వందలు పెట్టి, ఆపడానికి పళ్లేలంత బ్రేకులు పెట్టడం ఎందుకు? ఒక బరువు ఇంకో బరువును పిలుస్తోంది.

వెడల్పు మాట జనం పట్టించుకోరు, నాకది చాలా ముఖ్యం. 1976 నాటి గోల్ఫ్ వెడల్పు 1.63 మీటర్లు. టర్బో ఎస్ 1.9 మీటర్లు. మన పల్లె రోడ్డు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆ పావు మీటరు పైచిలుకు తేడా ఏమిటో అప్పుడు తెలుస్తుంది. సన్నటి బండికి తన వరసలోనే కాస్త ఖాళీ మిగులుతుంది. వంపును ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ విడవాలో ఎంచుకోవచ్చు. వెడల్పాటి బండి ఎడమ టైరు గతుకుల అంచు మీద, కుడి టైరు గీత మీద. ఇక ఎంచుకోవడానికేముంది?

కారు కొనబోయే కుర్రాళ్లు నన్ను అడిగితే వందకు ఎన్ని సెకన్లు అన్నది చివరన చూడమంటాను. ముందు బరువు చూడండి. తర్వాత కిటికీలు దించి, రేడియో ఆపి, ముప్పైలో నలభైలో ఒక గతుకుల వంపు మీద నడిపి చూడండి. చేతికి ఏమైనా తెలుస్తోందా? తెలిస్తే అది మీ బండి.

పోయిన సంక్రాంతికి మా బావమరిది విశాఖ వచ్చాడు. వాడి బండి హైదరాబాదులోనే వదిలి రైల్లో వచ్చాడు. కనుమ మర్నాడు పొద్దున్నే నా కారులో అరకు బయల్దేరాం. నాది పదేళ్ల నాటి 1.2 లీటర్ల పెట్రోలు బండి, చేతి గేరు. ఎస్.కోటలో టీ తాగాక తాళాలు వాడి చేతికిచ్చాను. మొదటి రెండు మలుపుల్లో గేరు తప్పాడు. ఒకచోట బండి గునిసి ఆగిపోబోయింది, వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొట్టింది. “ఇంజను చెప్తుంది, విను” అన్నాను, అంతే. ఆరో మలుపో ఏడో మలుపో గుర్తులేదు, గేరు వెన్నలా పడింది. వాడు నావైపు చూడలేదు. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, కాస్త ముందుకు వంగి, మాటల్లేకుండా తోలుతున్నాడు. ముప్పై, ముప్పై ఐదు, మళ్లీ ముప్పై. గాలికొండ దగ్గర ఆపాం. లోయలో మంచు ఇంకా విడలేదు. వాడు దిగి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. నేను తాళాల కోసం చెయ్యి చాపాను.

“ఉండండి బావా,” అన్నాడు, “దిగేటప్పుడూ నేనే తోలతాను.”